బియ్యం నిండుకున్నాయి

శ్రావణం 3

సర్కారు పుస్తకంలో నేను రాసిన వాక్యాన్ని ఈ పొద్దున యంత్రం కొట్టేసింది. పదకొండేళ్ళుగా ఇక్కడ రాస్తున్నాను. నా రాత మీద గీత పెట్టే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ లేకపోయింది. అందుకే ఈ నోటుపుస్తకం మొదలుపెట్టాను. ఇందులో ఇంకుతో రాస్తాను. దీన్ని ఎలా కొట్టేస్తుందో చూస్తాను.

నా పేరు వరహాలు. దిగువ దేశం, రేకుకొండ క్షిపణి స్థావరంలో శ్రోత ఉద్యోగం. ఏటికి అవతలి గట్టున ఎగువ దేశం వాళ్ళ సున్నపుగుట్ట స్థావరం ఉంది. బొత్తాం నొక్కాక వాళ్ళ క్షిపణి ఇక్కడికి రావడానికి నాలుగు నిమిషాలు, మనది అక్కడికి పోవడానికీ నాలుగే. నలభై ఏళ్ళ కిందట ఒకరినొకరు తగలబెట్టుకోబోయి చివరి గడియలో ఆగారు. ఆగి ఒక ఒప్పందం రాసుకున్నారు. దాని ప్రకారం వాళ్ళ వంటింట్లో పొయ్యి పైన మన ఇత్తడి కొమ్ము ఒకటి వేలాడుతుంది, మన వంటింట్లో వాళ్ళది. కొమ్ము వింటుంది, మాట్లాడదు. యుద్ధం సంగతి మంత్రుల దగ్గర దాచొచ్చు, పెళ్ళాల దగ్గర దాచొచ్చు. జవాన్లకి పొట్లాలు కట్టాల్సిన వంటమనిషి దగ్గర మాత్రం దాచలేరు. ఆ ఒప్పందం రాసినవాళ్ళకి బుర్ర ఉండేది. ఇప్పుడున్నవాళ్ళ సంగతి రాయడానికే ఈ పుస్తకం.

అవతలి వంటింటి పెద్ద పేరు ఓబులమ్మ. ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఆమె దగ్గు తెలుసు, ఏ కూరకి ఏ గరిటె తీస్తుందో తెలుసు, కోపం వస్తే గిన్నె మీద మూత ఎంత గట్టిగా పడుతుందో తెలుసు. ఈరోజు స్టోరు చూసుకునే పీరయ్యతో ఇలా అంది:

"కందిపప్పు నిండుకునింది పీరయ్యా. రేపు ఎసట్లో ఏమెయ్యల్ల?"

అక్కడ పప్పు అయిపోయింది అని నేను రాశాను. కిందటి నెల తెచ్చిపెట్టిన యంత్రం, పేరు నిశితం, దాన్ని కొట్టేసి ఇలా రాసింది: కందిపప్పు నిల్వలు నిండాయి. ఎసట్లో ఏమెయ్యాలన్న రెండో వాక్యం దానికి మాటల తాలు అట, చెరిగి పారేసింది. తిండి పోగేసుకునేవాడు యుద్ధానికి సిద్ధపడుతున్నాడని దాని లెక్క. ముప్పు అంకెని ముప్పై నుంచి ముప్పై ఆరుకి పెంచింది. ఎనభైకి చేరితే రాజధానిలో సభ కూర్చుంటుంది. ఆ సభలో, వాళ్ళు కొట్టేలోపు మనమే కొట్టేద్దాం అనేవాళ్ళే ఎక్కువ.

నేను నిశితానికి చెవిటిది అని పేరు పెట్టాను.

శ్రావణం 5

మా విభాగానికి అధికారి ప్రద్యుమ్న. ముప్పై నాలుగేళ్ళవాడు, మర్యాదస్తుడు, చొక్కా మడత నలగనివ్వడు. ఆ మర్యాదే నాకు ఒళ్ళు మండిస్తుంది. అరిచేవాడైతే నేనూ అరుద్దును.

"నిండుకోవడం అంటే నిండటమే కదమ్మా. నిఘంటువులో అదే ఉంది," అన్నాడు.

"ఏ నిఘంటువు బాబూ?"

"నిశితంది."

"వంటింట్లో అలా కాదు. బియ్యం అయిపోతే లేవు అనరు. ఆ మాట నోటితో అంటే నిజంగానే ఇల్లు ఖాళీ అవుతుందని భయం. అందుకని నిండుకున్నాయి అంటారు. మీ నాయనమ్మ ఎప్పుడూ అనలేదా?"

"నేను పుట్టేసరికే ఇంట్లో గొట్టాలు వచ్చేశాయమ్మా."

అదీ నిజమే. మన దేశంలో ఇంటింటికీ సరుకుల గొట్టాలు వేసి చాలా కాలమైంది. డబ్బా సగానికి దిగకముందే గోడలోంచి బియ్యం జలజలా పడతాయి. ఏదీ అయిపోని దేశంలో ఆ మాటతో ఎవరికీ పనిలేకపోయింది. నా తరం దాటాక అది విన్నవాళ్ళే లేరు. ఎగువ దేశంలో గొట్టాలు లేవు, కాబట్టి అక్కడ ఇంకా బతికి ఉంది.

ప్రద్యుమ్న యంత్రం ముందుకి జరిగాడు. "అంటే వాళ్ళు ఒక మాట అని, దానికి సరిగ్గా ఎదురు అర్థం తీసుకుంటారన్నమాట."

"అమ్మయ్య. అదే."

"అది సంకేత భాష కదమ్మా."

నేను నోరు తెరిచి మూసేలోపు అతను ఆ ముక్క యంత్రంలో ఎక్కించాడు. శత్రువు వంటింట్లో సంకేత భాష. అంకె నలభై నాలుగు. నేను వెళ్ళి చెప్పకపోయుంటే ముప్పై ఆరు దగ్గరే ఉండేది. మధ్యాహ్నం అన్నం సయించలేదు. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

శ్రావణం 9

వాన. అవతల కూడా వానే, రేకుల మీద చప్పుడు కొమ్ములోంచి వినిపిస్తోంది.

పీరయ్య అన్నాడు: "ఘాట్ రోడ్డు తెగిపోయి పదైదు దినాలాయ. లారీ యాడ వస్తాదక్కా? ఫోన్ చేస్తే, మీరు సర్దుకోండి అంటాండారు."

ఓబులమ్మ అంది: "సర్దుకునేదానికి ఏముండాదని? నూనె నిండుకునింది. చింతపండు నిండుకునింది. ఈ మాట ఆ ఫోన్లో వాళ్ళకు చెప్పకపోతివా?"

చెవిటిది రాసింది: సున్నపుగుట్టకి రాకపోకలు ఆపేశారు. నూనె, చింతపండు నిల్వలు నిండాయి. అంకె యాభై ఎనిమిది.

తినడానికి లేక ఆ తల్లి అల్లాడుతుంటే మనవాళ్ళు ఆమెని చూసి జడుసుకుంటున్నారు. వాళ్ళ పెద్దలు మాత్రం తక్కువ తిన్నారా? క్షిపణి మీద రంగు వెలిసిపోతే మర్నాటికి హెలికాప్టర్లో రంగు డబ్బా వస్తుంది. మూడు వందల మందికి పప్పు పంపడానికి మాత్రం రోడ్డు కావాలట. రెండు వైపులవాళ్ళనీ ఒకే తాడుతో కట్టి ఆ ఏట్లో ముంచాలనిపిస్తుంది నాకు.

శ్రావణం 12

"గ్యాస్ గూడా నిండుకునిందప్పా. కట్టెలు కొట్టుకొని రాపో."

ఇంధనం నిండింది, అని రాసింది యంత్రం. కట్టెల మాట తాలు.

ఇంధనం అనే మాట తెర మీద పడగానే స్థావరంలో సైరన్ మోగింది. జవాన్లు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ సొరంగాల్లోకి పరిగెత్తారు. రాజధాని టీవీలో ఒకాయన వేలు ఊపుతూ, శత్రువు క్షిపణుల్లో ఇంధనం నింపేశాడు, ఇంకా చూస్తూ కూర్చుందామా అని అడుగుతున్నాడు. ఓబులమ్మ వంటగ్యాస్ బండ గురించి బాబూ, అని నేను తెరతో అన్నాను. ఈ దేశంలో నా మాట వినేది తెర ఒక్కటే. అంకె డెబ్భై ఒకటి.

శ్రావణం 14

రెండు రోజులు పాత రికార్డులు తవ్వాను. పదకొండేళ్ళలో, ఘాట్ రోడ్డు తెగేదాకా, ఓబులమ్మ నిండుకుంది అన్న సందర్భాలు రెండు వందల పద్నాలుగు. ప్రతిసారీ ఆ తరువాత పీరయ్య సరుకు కోసం ఫోన్ చేశాడు, ప్రతిసారీ ఒక లారీ వచ్చింది. నిండి ఉన్న ఇంటికి ఎవరైనా సరుకు తెప్పించుకుంటారా? అన్నీ తేదీలతో సహా రాసి ప్రద్యుమ్న బల్ల మీద పెట్టాను.

అతను మొత్తం చదివాడు. చదివి తలుపు వేశాడు.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్నానమ్మా. పైకి కూడా పంపాను."

"ఏమన్నారు?"

"పదకొండేళ్ళ నుంచే మనల్ని ఏమారుస్తున్నారన్నమాట, అన్నారు. అంకె డెబ్భై నాలుగు చేశారు."

నేను బల్ల మీద అరచేత్తో కొట్టాను. నీళ్ళ గ్లాసు దొర్లి అతని మడత నలగని చొక్కా మీద పడింది. క్షమించమని అడగలేదు. ఇప్పుడూ అడగను.

శ్రావణం 16

ఉప్పు కూడా నిండుకుందట. అంకె డెబ్భై ఎనిమిది.

కొమ్ముతో కావాలని మాట్లాడినవాళ్ళకి యావజ్జీవ శిక్ష. ఒప్పందంలో అది ఐదో నియమం. దాన్ని ఉద్యోగంలో చేరిన రోజు నాచేత గట్టిగా చదివించారు కూడా. పదిన్నరకి మన వంటింట్లోకి వెళ్ళాను. సింహాద్రి సాంబారు పోపు పెడుతున్నాడు. అతనూ నా ఈడువాడే, ఈ పొయ్యి దగ్గరే తల నెరిసినవాడు. పొయ్యి పైన వాళ్ళ కొమ్ము, పొగకి నల్లబడి, మన వైపు తెరుచుకుని ఉంది. దాని కింద నిలబడ్డాను.

"ఏటవతల వింటున్న తల్లో తండ్రో, మీరెవరో నాకు తెలీదు. నేను మీ వంటింటిని వినే మనిషిని. మీ ఓబులమ్మ నిండుకుంది అన్నప్పుడల్లా మా యంత్రం నిండింది అని రాస్తోంది. గ్యాస్ నిండింది, సరుకు నిండింది, యుద్ధానికి సిద్ధం అంటోంది. ఇంకో రెండంకెలు పెరిగితే మావాళ్ళు మిమ్మల్ని కొడతారు. ఆమెచేత ఆ మాట మానిపించండి. బియ్యం అయిపోతే అయిపోయాయని, లేకపోతే..."

అక్కడ నా నాలుక ఆగింది. యావజ్జీవానికి ఆగని నాలుక పొయ్యి ముందు ఆ ఒక్క మాటకి ఆగింది.

సింహాద్రి గరిటె కింద పెట్టాడు. "అక్కా, పొయ్యి కాడ ఆ మాట అనకే. మరోలాగ సెప్పు."

"మరోలా చెప్పబట్టే కదరా ఇంతదాకా వచ్చింది," అని, కొమ్ము వైపు తలెత్తి అనేశాను. "లేవు. బియ్యం లేవు. అచ్చంగా అదే మాట అనిపించండి."

సింహాద్రి చిటికెడు బియ్యం తీసి పొయ్యిలో వేసి దండం పెట్టుకున్నాడు. నన్ను పట్టివ్వడని నాకు తెలుసు.

శ్రావణం 17

ఉదయం ఎనిమిదింటికి అవతల ఎవరో కొత్త గొంతు, అధికారి అయి ఉంటాడు. "ఓబులమ్మా, ఇంగ మీద లేవు అనే చెప్పల్ల."

"అట్లా అననప్పా. ముప్పై ఏండ్లాయ ఈ పొయ్యి ముందర. ఆ మాట అన్లే."

"అనకపోతే అందరమూ పోతాము."

నేను చెవులకి పెట్టుకున్నవి ఇంకా గట్టిగా అదుముకున్నాను. తరువాత అడుగుల చప్పుడు, కొమ్ముకి బాగా దగ్గరగా ఆమె ఊపిరి.

"ఏటికవతలి అక్కా. వింటాండావా? బియ్యం లేవు. పప్పు లేదు. నూనె లేదు. గ్యాస్ లేదు. నాలుగు దినాల నుంచి మూడు నూర్ల మందికి నూకల గంజి పోస్తాండా. చాలునా? నాచేత ఇంత మాట అనిపిస్తిరే."

ఆమె ఏడ్చింది. ఇక్కడ నేనూ ఏడ్చాను. అధికారితో వాదననీ, అక్కా అన్న పిలుపునీ, ఆ ఏడుపునీ చెవిటిది తాలుగా లెక్కకట్టి ఊడ్చేసింది. మిగతాది రాసుకుంది. అంకె డెబ్భై ఎనిమిది నుంచి ఇరవై రెండుకి పడిపోయింది. ప్రద్యుమ్న నా కుర్చీ వెనకే నిలబడి మొత్తం విన్నాడు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

శ్రావణం 19

నేను మూర్ఖురాలిని. అది ముందు రాసి మిగతాది రాస్తాను.

ప్రద్యుమ్న పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. యంత్రంలో ఇంకో అంకె ఉందట. ఇన్నేళ్ళూ పదికి మించలేదు కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోలేదట. పేరు అదను.

"ఇప్పుడెంత?" అన్నాను.

"ఎనభై ఎనిమిది."

అవతల తిండి లేదు. గ్యాస్ లేదు. రోడ్డు లేదు. మూడు వందల మంది ఆరు రోజులుగా గంజి తాగి నీరసంగా ఉన్నారు. ఇంతకన్నా మంచి అదను మళ్ళీ దొరకదని సభ తీర్మానించింది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి దెబ్బ. ఆ వేళే ఎందుకంటే, సున్నపుగుట్ట జవాన్లంతా గంజి కోసం వంటింటి ముందు వరసలో నిలబడే వేళ అది. ఆ వేళ కూడా నా పాత నివేదికల్లోంచే తీసుకున్నారు.

నిండి ఉందంటే భయమేసి కొడతారట. ఖాళీ అంటే ధైర్యం వచ్చి కొడతారట. మరి ఏమంటే కొట్టరు? అదే అడిగాను ప్రద్యుమ్నని. నా గొంతు నడవాలోకి వినిపించిందట, వినిపించనీ. ఆ మాట ఆమెచేత నేను అనిపించాను. నోటితో అంటే ఇల్లు ఖాళీ అవుతుందని ముప్పై ఏళ్ళు భయపడిన మనిషి, నా మాట నమ్మి అంది.

"నేనేం చెయ్యగలనమ్మా," అన్నాడు అతను.

"నీకు చేతకాదని నాకు తెలుసు బాబూ. లేచి వెళ్ళు," అన్నాను.

శ్రావణం 21, గురువారం

సింహాద్రి నన్ను పిలిపించి ఒక కాగితం చేతిలో పెట్టాడు. నాలుగు వందల మందికి మూడు రోజుల తిండి, పన్నెండు వందల పులిహోర పొట్లాలు, శుక్రవారం పదింటికల్లా సొరంగాలకి చేరాలి. కింద ఎర్ర గీతతో: వంటింట్లో ఎవరూ నోరు మెదపరాదు. గిన్నెల చప్పుడు కారాదు. పాటలు పెట్టి ఉంచవలెను.

కొమ్ము వినకూడదని ఇదంతా. నిజంగానే రేడియోలో పాటలు మోగుతున్నాయి. ఎనిమిది మంది మూగవాళ్ళలా కూర్చుని ఆకుల్లో పులిహోర కడుతున్నారు. మాట్లాడటం కోసం ఇద్దరం పెరట్లోకి వచ్చాం.

"సెప్పేద్దామా?" అన్నాడు సింహాద్రి.

"చెబితే వాళ్ళు జడుసుకుని ముందు కొడితేనో?"

"సెప్పకపోతే మనోళ్ళు కొడతారు. ఏటి తేడా?"

నాకు భయం వేసింది. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి దాచను. సింహాద్రి కూతురు ఇదే స్థావరంలో నర్సు. అతనికీ భయంగానే ఉంది. కానీ మనవాళ్ళ ధైర్యమంతా అవతలివాళ్ళకి తెలియదన్న నమ్మకం మీదే నిలబడి ఉంది. తెలిసిందని తేలితే కొట్టలేరు, ఎందుకంటే తెలిసినవాడు చచ్చేలోపు నాలుగు నిమిషాల్లో తిరిగి కొడతాడు. తెలిసిందన్న సంగతి, రేపు దెబ్బకి ముందు వినికిడి గదికి వచ్చే మనవాళ్ళ చెవిన పడాలి. ఆ పని చేయగలిగేది ఒక్క ఓబులమ్మే.

సింహాద్రి లోపలికి వెళ్ళి రేడియో ఆపాడు. ఆ కాగితాన్ని, ఎర్ర గీతతో సహా, కొమ్ము కింద నిలబడి పెద్ద గొంతుతో చదివాడు. పొట్లాలు కట్టేవాళ్ళు చేతులు ఆపి చూశారు. ఒక్కరూ అడ్డు రాలేదు.

తరువాత నేను అన్నాను. "అమ్మా, మీరు ముందు కొట్టకండి, మీకు దండం పెడతాను. మీకు తెలిసిందని మావాళ్ళకి వినిపిస్తే చాలు. రేపు పదకొండింటికి మా పెద్దలంతా మీ వంటింటిని వింటారు."

శ్రావణం 22, శుక్రవారం

వినికిడి గదిలో పదహారు మంది. రాజధాని నుంచి నలుగురు, ఇస్త్రీ బట్టలు, మెడల్లో పతకాలు. శత్రువుకి ఏమీ తెలియదని రూఢి చేసుకున్నాకే బొత్తాం నొక్కాలని రూలు ఉంది, అందుకని స్పీకర్ పెట్టించారు. కొమ్ములోంచి కట్టెలు చిటపటలాడుతున్న చప్పుడు, నూకలు చెరుగుతున్న చప్పుడు.

"చూశారా, మామూలుగానే ఉన్నారు," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

పదకొండూ పది అయింది. ఓబులమ్మ దగ్గింది. చాట కింద పెట్టింది. కొమ్ము దగ్గరికి వచ్చింది.

"పీరయ్యా, ఏటికవతల ఈ పొద్దు పన్నెండు నూర్ల పొట్లాల పులిహోర కట్టినారంట. మూడు దినాలకంట. పన్నెండున్నరకు మన గంజి పొద్దుకు సరిగ్గా ముహూర్తం పెట్టుకున్నారంట. చింతపండు ఇంగ కొంచెం పట్టించమని చెప్పప్పా. సొరంగంలో ఉక్కకు మూడో దినానికి పాచిపోతాది."

గంజి వేళ సంగతి నేను కొమ్ముకి చెప్పలేదు. మమ్మల్ని వినేవాళ్ళు అది తామే ఊహించుకున్నారు. మనవాళ్ళు ఎలాంటివాళ్ళో వాళ్ళకి అంత బాగా తెలుసు. తెర మీద అదను అంకె ఎనభై ఎనిమిది నుంచి తొమ్మిదికి పడింది. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. దెబ్బ రద్దు అని ఎవరో ఫోన్లో చెబుతున్నారు.

"ఎవరు చెప్పారు వాళ్ళకి?" అన్నాడు పెద్దాయన.

ప్రద్యుమ్న నేల వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను.

"నేనే. కావాలంటే ఆ కాగితం మళ్ళీ చదివి వినిపిస్తాను."

శ్రావణం 24

ఇది స్థావరంలో పాత దుప్పట్ల గది. తలుపుకి బయట తాళం. సింహాద్రి పక్క గదిలో ఉన్నాడు, గోడ మీద తట్టి పలకరిస్తాడు. విచారణ రాజధానిలోనట. ఈ పుస్తకం దుప్పట్ల మధ్య ఉంది. ప్రద్యుమ్నే తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన కాపలా జవానుని పొట్లాలు ఏం చేశారని అడిగాను.

"పూడ్చేశామమ్మా. ఏటి గట్టున గుంట తీసి."

"పాడైపోయాయా?"

"లేదమ్మా, శుభ్రంగా ఉన్నాయి. వాసన కూడా కమ్మగా వచ్చింది. లెక్కలో ఉండకూడదని ఆర్డరు."

"అవతలి గట్టుకి ఎంతసేపు?"

"పడవలోనా? పావుగంట."

"గుంట తవ్వేటప్పుడు అటు చూశారా ఎవరైనా? సున్నపుగుట్ట మీద పొగ కనిపించలేదా?"

అతను పళ్ళెం కింద పెట్టాడు.

"చూశామమ్మా," అన్నాడు. "గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడినవాళ్ళు కూడా కనిపించారు. పదిమందిమీ చూశాం. చూసే పూడ్చాం."